పుదీనా పచ్చడి చేస్తే పళ్ళ పేస్టు తిన్నట్టుంది, ఎక్కడ తప్పుతోంది?

డల్లాస్_దోసెపెనం
మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పారబోశాను. ఇక మీరే చెప్పాలి.

మార్చిలో ఇక్కడ ఒక మొక్కల దుకాణంలో పుదీనా కుండీ కొన్నా. రెండు నెలలు తిరిగేసరికి ఏపుగా పెరిగి కుండీ అంచులు దాటి కిందికి వేలాడింది. సొంత పెరటి ఆకుతో పచ్చడి కదా అని సంబరపడి అమ్మ చెప్పినట్టే చేశా. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి వేయించి, ఆకు మగ్గించి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి రుబ్బి పోపు పెట్టా. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే పళ్ళు తోముకుంటూ మధ్యలో అన్నం తిన్నట్టుంది. గొంతులో చల్లగా, నాలుక మీద కారంగా, వెనకాల చేదుగా. మా ఆయన మొహమాటానికి రెండు ముద్దలు తిన్నారు. ఏడేళ్ళ పిల్ల మాత్రం "అమ్మా, ఇది పేస్టు" అని కంచం జరిపేసింది.

రెండోసారి ఆకు తగ్గించా. మూడోసారి కొత్తిమీర సగానికి సగం కలిపా. అదే వాసన. చీరాల దగ్గర మా అమ్మమ్మ రోట్లో పుదీనా నూరుతుంటే వీధి అరుగు దాకా వచ్చే వాసన ఇది కాదు. నీళ్ళ తేడానా, మట్టి తేడానా, నా చేతి తేడానా?

అర్ధరాత్రి_ఆకలి
ఆకు ఎక్కువ వేయించి ఉంటారు. మాడితే చేదొస్తుంది.

తెనాలి_అత్తయ్య
చేదుకి అది కారణం అయ్యుండొచ్చు గానీ చల్లదనానికి కాదు నాయనా. యాభై ఏళ్ళుగా పుదీనా పచ్చడి చేస్తున్నా, తిన్నాక ఎప్పుడూ నోరు చల్లబడలేదు. అమ్మాయ్, కుండీకి గుచ్చిన చీటీ మీద ఏమని రాసుందో చూడు.

డల్లాస్_దోసెపెనం
ఇప్పుడే వెళ్ళి మట్టి తుడిచి చూశానండీ. పెప్పర్‌మింట్ అని ఉంది. అంటే పుదీనాయే కదా?

పరీక్షనాళిక
దొంగ దొరికాడు. మీ చేతిదీ, నీళ్ళదీ ఏ తప్పూ లేదు.

డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి. మన పచ్చడి పుదీనా వేరు, పెప్పర్‌మింట్ వేరు. మనదాన్ని బయట స్పియర్‌మింట్ అంటారు. దాని వాసనంతా కార్వోన్ అనే పదార్థానిది. తీపి కలిసిన పచ్చి వాసన, చల్లదనం దాదాపు ఉండదు. పెప్పర్‌మింట్‌లో రాజ్యమేలేది మెంథాల్. పేస్టులో, దగ్గు బిళ్ళలో, తలనొప్పి మందులో ఉండేది అదే. కాబట్టి మీ పాప చెప్పింది అక్షరాలా నిజం.

పెప్పర్‌మింట్ అసలు సంకర జాతి. నీటి పుదీనాకీ స్పియర్‌మింట్‌కీ పుట్టింది. దానికి విత్తనం కట్టదు. ప్రపంచంలో ఎక్కడున్నా పిలకల నుంచో కొమ్మల నుంచో వచ్చిన మొక్కే.

కార్వోన్ గురించి ఇంకొక్క ముచ్చట. ఈ పాఠం వచ్చినప్పుడు క్లాసుకి పుదీనా కట్ట, సోయకూర (డిల్) గింజలు పట్టుకెళ్తా. కళ్ళు మూసుకుని వాసన చూడమంటా. రెంటికీ పోలికే లేదంటారు. రెంటిలోనూ ఉన్నది కార్వోనే. అవే పరమాణువులు, అదే బరువు, అదే అమరిక, కాకపోతే ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టే మన ముక్కులో ఒకదానికి సరిపడే గూడు రెండోదానికి సరిపోదు. అందుకే ఒకటి పుదీనా, ఒకటి సోయకూర. పదేళ్ళుగా చెబుతున్నా, పిల్లలు ఆ గింజలు నలిపి మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ
సారూ, గింత కథ ఉన్నదా పుదీనాల! మా అమ్మ సోయకూర పప్పు చేస్తది, ఇయ్యాల తింటాంటే పుదీనా యాదికొస్తది పో.

మిద్దెతోట
కెమిస్ట్రీ లేకుండా చూసి గుర్తుపట్టే పద్ధతి చెప్తాను. ఒక ఆకు కాండానికి ఎలా అతుక్కుందో చూడండి. మన పుదీనా ఆకుకి కాడ ఉండదు, ఉన్నా లేనట్టే, ఆకు తిన్నగా కాండాన్ని అంటుకుని ఉంటుంది. పెప్పర్‌మింట్ ఆకుకి చిన్న కాడ స్పష్టంగా కనిపిస్తుంది. కాండం చాలాసార్లు ఊదారంగు తిరిగి ఉంటుంది. ఆఖరి పరీక్ష నోటిదే. ఆకు నమిలి నోటితో గాలి లోపలికి పీల్చండి. చల్లగా తగిలితే పచ్చడికి పనికిరాదు.

డల్లాస్_దోసెపెనం
కాడ ఉంది! కాండం వంకాయ రంగులో ఉంది! నమిలి గాలి పీలిస్తే గొంతు దాకా మంచుముక్క దిగినట్టుంది. ఇన్నాళ్ళూ నా వంటని తిట్టుకున్నా కదండీ.

నూజివీడు_రసం
మరి చల్లగా ఎందుకనిపిస్తుంది? నోరు నిజంగా చల్లబడుతుందా? థర్మామీటర్ పెడితే తగ్గుతుందా?

పరీక్షనాళిక
ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. చలి తగిలితే మెదడుకి కబురు పంపే ద్వారం ఒకటి మన నరాల్లో ఉంది, పేరు టీఆర్‌పీఎమ్8. చలికి తెరుచుకోవాల్సిన ఆ ద్వారాన్ని మెంథాల్ వచ్చి తెరుస్తుంది. మెదడు చలి వచ్చిందనుకుంటుంది. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు వేర్వేరుగా దీన్ని పట్టుకున్నాయి. వేడి, స్పర్శ మనకు ఎలా తెలుస్తాయో కనిపెట్టినందుకు ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. జూలియస్ అంతకుముందే మిరపకాయ మంట ఏ ద్వారం గుండా తెలుస్తుందో కనిపెట్టాడు. అది నిజమైన వేడికీ తెరుచుకుంటుంది. గుంటూరు మిరప నోట్లో నిప్పు పెట్టకుండానే మండిస్తుంది, పుదీనా పువ్వు, అంటే పలుకులుగా దొరికే మెంథాల్, మంచు లేకుండానే వణికిస్తుంది. ఇదీ అదీ ఒకే కథ.

మెంథాల్ బిళ్ళ చప్పరించాక మామూలు కుండ నీళ్ళు తాగి చూడండి, పళ్ళు జివ్వుమంటాయి. ఆ ద్వారం అప్పటికే సగం తెరుచుకుని ఉంటుంది మరి.

రాజోలు_మావయ్య
పుదీనా పువ్వు అన్నారు, నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన దగ్గర ఒక సీసా ఉండేది. అందులో పచ్చకర్పూరం, వాము పువ్వు, పుదీనా పువ్వు, మూడూ గట్టి పలుకులే, సమపాళ్ళలో వేసి బిరడా పెట్టి మా చేతికిచ్చి ఊపమనేవారు. చూస్తూ ఉండగానే పలుకులు చెమ్మగిల్లి, అంచులు కరిగి, సీసా అడుగున నీళ్ళలా చేరేవి. చుక్క నీళ్ళు పోయలేదు, పొయ్యి మీద పెట్టలేదు. దాన్నే అమృతధార అనేవారు. కడుపునొప్పికి పంచదారలో రెండు చుక్కలు. మందు కంటే ఆ కరగడం చూడటానికే నొప్పి అని వెళ్ళేవాళ్ళం. ఎందుకు కరిగేదో మాస్టారు చెప్పాలి.

పరీక్షనాళిక
గొప్ప జ్ఞాపకం మావయ్యగారూ. మెంథాల్ ఒక్కటే అయితే సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండు మూడు పదార్థాలు కలిస్తే ఒకదాని వరుస ఇంకొకటి చెడగొట్టి, కరిగే స్థాయి గది వేడి కంటే కిందికి పడిపోతుంది. అందుకే పొయ్యి అక్కర్లేదు.

పిల్లల_డాక్టర్
మధ్యలో ఒక మాట, దయచేసి సరదాగా తీసుకోకండి. రెండేళ్ళ లోపు పిల్లలకు జలుబు చేసిందని మెంథాల్, కర్పూరం ఉన్న మందు ముక్కు దగ్గర రాయకండి. ఊపిరి బిగుసుకుపోయి ఆస్పత్రికి తెచ్చినవాళ్ళని చూశాను. కర్పూరం పిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి, అమృతధార సీసా ఇంట్లో ఉంటే అందకుండా పెట్టండి. పచ్చడి వేరే సంగతి, హాయిగా తినండి. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్న పెద్దవాళ్ళు మాత్రం పెప్పర్‌మింట్ టీ తగ్గించుకోవాలి. అన్నవాహిక కింది కవాటాన్ని అది వదులు చేస్తుంది.

తెనాలి_అత్తయ్య
పిప్పరమెంటు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఈరోజు తెలిసింది నాకు! చిన్నప్పుడు కొట్లో గాజు సీసాలో ఉండే బిళ్ళలన్నీ మాకు పిప్పరమెంట్లే. నిమ్మతొన పిప్పరమెంటు, జీలకర్ర పిప్పరమెంటు. పుదీనా వాసన ఒక్క తెల్ల బిళ్ళకే ఉండేది, పేరు మాత్రం అన్నిటికీ పాకింది.

రాజోలు_మావయ్య
ఆ తెల్ల బిళ్ళ చప్పరించి కావిడి నీళ్ళు తాగితే ఐసు తాగినట్టుండేది అత్తయ్యగారూ. ఎందుకో ఇవాళ అర్థమైంది.

సరే_పచ్చడి_సంగతి
ఆకు సరైనదే అనుకుందాం. నా పచ్చడి రోజు తిరిగేసరికి నల్లబడుతుంది, వాసన సగం పోతుంది. మిక్సీ మంచిదే. ఎవరైనా చెప్పండి.

రోటిపచ్చడే_రుచి
మిక్సీ మంచిది కావడమే తప్పు. రోట్లో నూరండి.

అర్ధరాత్రి_ఆకలి
మొదలెట్టారండీ. అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో రోలు ఎక్కడ పెట్టాలి, కింద వాళ్ళ నెత్తిమీదా?

రోటిపచ్చడే_రుచి
నవ్వొచ్చింది గానీ నేను చెప్పేదానికి కారణం ఉంది. ఒక పుదీనా ఆకు తిరగేసి భూతద్దంతో చూడండి. సన్నటి చుక్కలు మెరుస్తుంటాయి, నూనె తిత్తులు. వాసనంతా అందులోనే. రోట్లో బండ కింద నలిగితే తిత్తి పగిలి నూనె అక్కడే పప్పుకి, చింతపండుకి పట్టుకుంటుంది. మిక్సీ బ్లేడు ఆకుని నుగ్గునుగ్గు చేసి, వేడెక్కించి, గాలి కొట్టి తిప్పుతుంది. మూత తీయగానే వంటిల్లంతా గుప్పుమంటుందే, ఆ వాసన పచ్చడిలోంచి పోయిందన్నమాట. రోలు లేకపోతే పప్పులు, మిరపకాయలు, చింతపండు ముందు మెత్తగా తిప్పేసి, ఆకు చివర్లో వేసి రెండు పల్సులు. అంతే. కచ్చాపచ్చాగా ఉండాలి.

తెనాలి_అత్తయ్య
ఈ మాట మీద నేను సంతకం పెడతా. ఇంకోటి. ఆకుని వేయించకూడదు, వాడ్చాలి. మూకుడు దింపేసి, ఆ వేడి నూనెలోనే ఆకు వేసి గరిటెతో రెండు తిప్పులు తిప్పితే సరి. ఆకు తల వంచాలి గానీ రంగు మారకూడదు. కాయగూరలా సన్న సెగన పావుగంట మగ్గించేవాళ్ళని చూశా, ఆ పచ్చడికి పుదీనా బదులు తోటకూర వేసినా ఒకటే.

నూజివీడు_రసం
మా ఇంట్లో మాత్రం బాగా వేయించే చేస్తారండీ, తడి పోతేనే నాలుగు రోజులు నిలవుంటుందని. వాసన తక్కువైనా కమ్మగా ఉంటుంది. మీ ఇద్దరి మాటా ఒప్పుకోను.

రోటిపచ్చడే_రుచి
నిలవ పచ్చడికి మీది సరైనదే. పూట పచ్చడికి అత్తయ్యగారిది. రెండూ ఒకటే వంటకం అనుకోవడం వల్ల తగువు.

పానీపూరి_పిచ్చి
నల్లబడటానికి మందు నిమ్మరసం. పానీపూరి నీళ్ళకి ఆకు రుబ్బేటప్పుడే ఐసు ముక్కలు, నిమ్మరసం వేస్తా. పచ్చగా మెరుస్తుంది.

మిద్దెతోట
ఎంతసేపు? మాది సాయంత్రం చేస్తే పొద్దున్నకి మెహందీ రంగు తిరిగింది, నిమ్మరసం బాగానే పోశా.

పరీక్షనాళిక
మీరిద్దరూ చెప్పేది నిజమే. ఆకు నలగగానే గాలి తగిలి నల్లబడేది ఒక ఎంజైమ్ వల్ల, యాపిల్ ముక్క కోస్తే రంగు మారినట్టు. పులుపూ చల్లదనమూ దాన్ని ఆపుతాయి. అదే పులుపు గంటలు గడిచేకొద్దీ ఆకుపచ్చ రంగులోని మెగ్నీషియాన్ని లాగేస్తుంది, అప్పుడు వచ్చేది మెహందీ రంగు. తినబోయే అరగంట ముందు పోస్తే లాభం, రాత్రే పోస్తే నష్టం.

పాతబస్తీ_దమ్
మరి బిర్యానీలో ముప్పావుగంట ఉడికినా పుదీనా వాసన పోదేంటి? ఇంతసేపూ వేడి తగలకూడదన్నారు.

బీహెచ్‌ఈఎల్_బావ
మూత కదా బావా.

పాతబస్తీ_దమ్
ఒక్క మాటలో తేల్చేశావు, నేను వివరంగా రాద్దామనుకున్నా. మా ఇంట్లో కచ్చే గోష్త్ బిర్యానీకి పుదీనా రెండు విడతలుగా పడుతుంది. తరిగింది పెరుగు, మసాలాతో మాంసానికి పట్టించి నానబెట్టేటప్పుడు ఒకసారి. సగం ఉడికిన బియ్యం పరిచాక బ్రౌన్ ఉల్లిపాయలతో పాటు పైన విడి ఆకులు ఇంకోసారి. తర్వాత దేగిశా అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అతికి మూత బిగిస్తారు. ఆవిరి బయటికి పోయే దారి లేదు. ఆవిరితో లేచిన వాసన మూతకి తగిలి మళ్ళీ అన్నంలోకే దిగుతుంది. పిండి అతుకు ఊడదీసి మూత ఎత్తిన ఆ మొదటి క్షణంలో మా నాన్న మొహం దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకునేవారు. మేం పళ్ళేలు పట్టుకుని వెనకాల లైనులో. కిందనున్న ఆకు నల్లగా వడిలి మాంసానికి అంటుకుపోయి ఉంటుంది, దాన్ని తీసి పడేసేవాళ్ళంటే నాకు కోపం. ఆ ముక్కకి రుచి ఇచ్చిందే ఆ ఆకు.

పరీక్షనాళిక
మీ నాన్నగారు చేసింది ఆకుని ఆవిరి పట్టి నూనె తీసే బట్టీ ముందు నిలబడ్డట్టే. కార్వోన్ విడిగా మరగాలంటే 230 డిగ్రీలు కావాలి, కానీ నీటి ఆవిరి తోడుంటే 100 డిగ్రీలకే లేచి వచ్చేస్తుంది. మూత లేని మూకుట్లో అది గాల్లో కలుస్తుంది, దమ్‌లో వెనక్కి వస్తుంది.

బదిలీల_బ్యాంకు
బట్టీ అనగానే నేను రాయక తప్పదు. ఉద్యోగరీత్యా మూడేళ్ళు ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లాలో ఉన్నా. అక్కడ మెంథా పంట. చూడ్డానికి మన పుదీనాలాగే ఉంటుంది, కానీ ఇంకో జాతి. తినడానికి కాదు, నూనెకి. బంగాళాదుంపలు తీశాక నాటి, వానలు పడేలోపు జూన్‌లో కోస్తారు. ఊరి చివర ఇనప ట్యాంకీలో ఆకు కుక్కి, కింద నీళ్ళు మరిగిస్తారు. ఆవిరి గొట్టం చల్లటి నీటి తొట్టిలోంచి పోయి డబ్బాలో పడుతుంది. నీళ్ళ మీద పసుప్పచ్చ నూనె తేలుతుంది. ఆ నూనెని బాగా చల్లబరిస్తే తెల్లటి సూదుల్లా మెంథాల్ గడ్డకడుతుంది.

లోన్ల తనిఖీకి బండి మీద వెళ్తుంటే 43 డిగ్రీల ఎండ, ఎదురుగాలి చల్లగా కళ్ళకి కొట్టేది. కళ్ళల్లో నీళ్ళు. చొక్కా ఉతికినా రెండు రోజులు వాసన పోయేది కాదు. ఒక రైతు తన చేతి మీద చుక్క వేసి చూపిస్తూ ఇది మా ఏటీఎం అన్నాడు. నూనె చెడిపోదు కాబట్టి ధర లేనప్పుడు డబ్బాలో దాచి, పెళ్ళికో చదువుకో అమ్ముకుంటారు. ఈ నూనెకి ఎంసీఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో వాయిదా వ్యాపారం కూడా ఉంది. ప్రపంచంలో సహజ మెంథాల్ ఎక్కువగా పోయేది మన దేశం నుంచే. మనం పొద్దున్నే బ్రష్ మీద వేసుకునే ఘాటు వెనక ఆ రైతులున్నారని ఎవరికీ తెలియదు. నాకది బాధ.

మిద్దెతోట
కోసీ అనే రకం అక్కడిదే కదా? లక్నోలోని సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ వాళ్ళు ఇచ్చింది. వాళ్ళ కేంద్రం మన హైదరాబాద్ బోడుప్పల్‌లో కూడా ఉంది.

బదిలీల_బ్యాంకు
అవునండీ, కోసీ పేరు ప్రతి రైతు నోట్లో వినేవాణ్ణి.

షార్జా_సీమబిడ్డ
యాడికో పోయినారు గానీ, ఎండు పుదీనా గురించి ఒక్కరన్నా చెప్పలేదే! మా పక్కింట్లో ఇరానీ ముసలామె ఉంది. ఆకుని నీడలో ఆరబెట్టి సీసాకెత్తి పెడుతుంది. పెరుగులో దోసకాయ ముక్కలేసి పైన అరచేతుల్లో నలిపి చల్లుతుంది. ఇంకోటి, నూనె కాంచి పొయ్యి ఆపేసి, ఎండు పుదీనా వేసి గబాల్న పులుసు మీద పోస్తుంది. మన పోపు మాదిరే. మాడితే చేదని ఆమె కూడా మన తెనాలి అత్తయ్య లెక్కే గుడ్లురుముతాది. పచ్చి ఆకు వాసన ఉండదు, ఎండుగడ్డి మీద ఎండ పడినట్టు ఇంకో వాసన. మజ్జిగలో వేస్తే నేను రోజూ రెండు గ్లాసులు తాగుతా. పుదీనా అనే మాట కూడా ఫారసీదేనంట.

తెనాలి_అత్తయ్య
ఆమెకి నా నమస్కారం చెప్పు నాయనా.

పారిస్_పెసరట్టు
ఇక్కడ మొరాకో వాళ్ళ కొట్టులో టీ తాగి చూడండి ఎవరైనా వస్తే. చైనా నుంచి వచ్చే గుండ్రటి గన్‌పౌడర్ గ్రీన్ టీ, గుప్పెడు పుదీనా కాడలతో సహా, పళ్ళు పీకేంత చక్కెర. కెటిల్ మూరెడు ఎత్తు నుంచి పోస్తారు, గ్లాసులో నురగ రావాలి. వాళ్ళది నానా రకం, మన జాతే. పెప్పర్‌మింట్ వేయమంటే నన్ను వింతగా చూశాడు.

ఓరుగల్లు_బిడ్డ
డల్లాస్ అక్కా, మరి నీ వంకాయ రంగు చెట్టు ఏం జేసినవ్? పీకేసినవా?

డల్లాస్_దోసెపెనం
లేదు తమ్ముడూ, పీకడానికి మనసొప్పలేదు. మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి ఐదు నిమిషాలుంచి టీలా తాగుతున్నా, దానికి భలే ఉంది.

పచ్చడికి ఇండియన్ స్టోర్లో కట్ట కొన్నా. కాడ చూశా, లేదు. నమిలి గాలి పీల్చా, చల్లగా లేదు. కొట్లో అమ్మాయి నన్నే చూస్తోంది, పట్టించుకోలేదు. మిగిలిన కొమ్మలు ఆకులు దూసేసి గ్లాసు నీళ్ళలో పెడితే ఎనిమిదో రోజుకి తెల్లటి వేళ్ళు వచ్చాయి. కొత్త కుండీలో నాటా.

మిద్దెతోట
రెండు కుండీలూ ఆనించి పెట్టకండి. పిలకలు పక్క కుండీలోకి దూకేస్తాయి, ఆరు నెలల తర్వాత ఏది ఏదో తెలియదు. నేలలో అసలే వద్దు, పెరడంతా ఆక్రమిస్తుంది. పూత రాకముందే చివర్లు తుంచుతూ ఉండండి.

డల్లాస్_దోసెపెనం
సరేనండీ, ఒకటి ఆ చివరికి జరిపా. ఇక అసలు సంగతి. నిన్న రాత్రి చేశా. పప్పులు, మిర్చి, చింతపండు ముందు తిప్పి, మూకుడు దింపాక ఆకు వేసి రెండే తిప్పులు, చివర్లో రెండు పల్సులు. మూత తీస్తే పెద్దగా వాసన రాలేదు, భయపడ్డా. వేడన్నంలో నెయ్యి వేసి కలిపేసరికి ఆ వేడికి లేచింది చూడండి, అదే వాసన, చీరాల అరుగు వాసన. పాప ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత ఏమీ అనకుండా తింది, ఇంకో ముద్ద అడిగింది. అమ్మకి వీడియో కాల్ చేసి కంచం చూపించా.

తెనాలి_అత్తయ్య
బంగారు తల్లి. పోపులో ఇంగువ వేశావా?

డల్లాస్_దోసెపెనం
అయ్యో, మర్చిపోయానండీ. సగం గిన్నె మిగిలింది, ఇప్పుడు వేయొచ్చా?

తెనాలి_అత్తయ్య
నిక్షేపంగా. చెంచాడు నూనె కాచి, చిటికెడు ఇంగువ, రెండు ఎండుమిర్చి ముక్కలు వేసి, చల్లారాక కలుపు. వేడిది పోస్తే నీ పుదీనా మళ్ళీ గాల్లోకి పోతుంది.